ఆల్ప్స్‌లో వారం నడక: గైడు కావాలా, సొంతంగా పోవచ్చా?

ప్రశ్న (కావలి): జులైలో నలుగురం స్విట్జర్లాండ్ పోతున్నాం. నాన్నకి 60. గైడు తప్పనిసరా?

ఒంగోలు నుంచి: దారి పొడుగునా వేసే రంగు గుర్తులు తెలిస్తే అక్కర్లేదండీ. పసుపు గుర్తు మామూలు దారి. తెలుపు-ఎరుపు-తెలుపు కొండదారి, బూట్లు గట్టివి కావాలి. తెలుపు-నీలం-తెలుపు కష్టమైన ఆల్పైన్ దారి, దాని జోలికి పోవద్దు. బోర్డుల మీద సాధారణంగా రాసేది నడక సమయం. చదునులో గంటకు 4.2 కిలోమీటర్ల లెక్క, ఆగే సమయం కలపరు. 3 గంటలని ఉంటే మీరు నాలుగున్నర వేసుకోండి. ఇది తెలియకే చాలామంది చివరి కేబుల్‌కారు పోగొట్టుకుంటారు.

నెల్లూరు నుంచి: సొంతంగా అంటే అన్నీ మోసుకుపోవడం కాదన్నా. బసలు బుక్ చేసి, మ్యాపులిచ్చి, పెట్టెల్ని ఊరినుంచి ఊరికి చేర్చే కంపెనీలున్నాయి. ఎత్తు కనుమల్లో మంచు మిగిలుంటే మాత్రం గైడే మేలు. తెల్లారే బయల్దేరండి, మధ్యాహ్నం ఉరుముల వాన పట్టుకుంటుంది. ఆపదకి 112. షెంగెన్ వీసాకి (స్విట్జర్లాండ్‌తో సహా చాలా యూరప్ దేశాలకి పనికొచ్చే ఉమ్మడి వీసా) ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. హెలికాప్టర్‌తో కాపాడే ఖర్చు అందులో ఉందో లేదో చదువుకోండి.

ఉదయగిరి నుంచి: మోకాళ్లు పట్టేది దిగేటప్పుడే. బీచ్ నడక చాలదు. నాన్నగారితో మా కోట కొండ వారం వారం ఎక్కించి దించండి, అక్కడ వేసుకోబోయే బూట్లతోనే. దిగేటప్పుడు బొటనవేలు ముందుకు తగిలితే సైజు మార్చండి.