చర్చ: స్కాన్‌లు వచ్చాక నెగెటివ్‌లు ల్యాబ్‌లోనే వదిలేస్తే తప్పేంటి?

ముప్పైఆరు (హైదరాబాద్)
మూడేళ్లుగా ఫిల్మ్ కెమెరాతో ఫోటోలు తీస్తున్నాను. పెంటాక్స్ కె1000, ఒకటే 50 ఎంఎం లెన్స్. ఆదివారం పొద్దున్నే మోజంజాహీ మార్కెట్ వైపు వెళ్తే మధ్యాహ్నానికి సగం రీలు అవుతుంది. నెలకి ఒకటి, మహా అయితే రెండు రీళ్లు. రీలు, కడిగించడం, స్కాన్ అన్నీ కలిపి ఒక్కోదానికి రెండు వేలకు దగ్గర పడుతోంది. ల్యాబ్ వేరే ఊళ్లో ఉంది, కొరియర్ చేస్తాను. వారం పది రోజుల్లో స్కాన్‌ల లింక్ వస్తుంది. నెగెటివ్‌లు తిరిగి పంపాలంటే కొరియర్ డబ్బులు వేరే. నేను తెప్పించుకోను. కొన్ని నెలలు ఉంచి వాళ్లే పారేస్తారు.

మొన్న ఫోటో వాక్‌లో ఈ మాట చెబితే ఒక పెద్దాయన అందరి ముందూ "అయితే నువ్వు ఫిల్మ్ తీస్తున్నట్టే కాదు" అన్నారు. చాలా బాధేసింది. నేను ఫోటో తీసేటప్పుడు పడే శ్రద్ధ అబద్ధమా? మీరేమంటారు?

హైపో_వాసన (తెనాలి)
ఆ పెద్దాయన సరిగ్గానే చెప్పాడు తమ్ముడూ. ఫోటో అంటే నెగెటివ్. మిగతావన్నీ దాని కాపీలు. నువ్వు రెండు వేలు పెట్టి కాపీ ఇంటికి తెచ్చుకుని అసలుది చెత్తబుట్టలో వేస్తున్నావు. పొలం అమ్మేసి దాని పటం గోడకి తగిలించుకున్నట్టుంది.

అసలు ల్యాబ్ వాడు నీకు పంపే స్కాన్ సైజు ఎంత?

ముప్పైఆరు
1500 బై 1000 పిక్సెల్స్ అనుకుంటా సార్. పెద్ద సైజుకి ఎక్కువ తీసుకుంటారు.

హైపో_వాసన
300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున లెక్క వేసుకో. ఐదంగుళాల ప్రింటు. పోస్టుకార్డు కంటే చిన్నది. అదే నెగెటివ్ ఎన్‌లార్జర్‌లో, అంటే పెద్ద ప్రింటు వేసే మిషన్‌లో పెట్టి నేను 12 బై 15 అంగుళాలు వేసి ఇచ్చేవాణ్ని, గ్రెయిన్, అదే ఫిల్మ్ మీది రవ్వలు, విడివిడిగా కనబడేది. పైగా ల్యాబ్ స్కాన్‌లో ఆకాశం తెల్లగా మాడిపోయి ఉంటుంది. నెగెటివ్‌లో మబ్బులు ఉంటాయి. నువ్వు తీసిన మబ్బులు నువ్వే చూడలేదు.

స్లైడ్‌పిచ్చి (బెంగళూరు)
చిన్న సవరణ. ఎన్‌లార్జర్‌లో వేసిన ప్రింటు కూడా కాపీయే కదా సార్. కాపీ అయితే ఫోటో కాదంటే గోడ మీద ఉన్న ఏ ఫోటో కూడా ఫోటో కాదు. పోలరాయిడ్‌కి నెగెటివ్ మిగలదు, అది ఫోటో కాదా?

హైపో_వాసన
పోలరాయిడ్‌లో కూడా నెగెటివ్ మిగిలే రకం ఉండేది. టైప్ 55. తెలియకపోతే అడగాలి.

స్లైడ్‌పిచ్చి
తెలుసు సార్. నేను అడిగింది దాని గురించి కాదు.

ఐసుగడ్డ (విజయవాడ)
నేను బ్లాక్ అండ్ వైట్ ఇంట్లోనే కడుగుతాను, నెగెటివ్‌లు అన్నీ ఫైల్‌లో ఉంటాయి. తమ్ముడూ, ఒక్కసారి నువ్వే కడిగి చూడు, పారెయ్యబుద్ధి కాదు. ట్యాంకులోంచి తడి రీలు బయటికి లాగి ట్యూబ్‌లైట్‌కి అడ్డం పెట్టి చూసే ఆ నిమిషం కోసమే నేను ఇదంతా చేస్తాను. కష్టం ఏంటంటే డెవలపర్, అంటే బొమ్మని బయటికి తెచ్చే రసాయనం, 20 డిగ్రీల్లో ఉండాలి. మా ఊళ్లో మే నెలలో కుళాయి తిప్పితే వేడినీళ్లు వస్తాయి. గిన్నెలో ఐసు వేసి, అందులో సీసా పెట్టి, థర్మామీటర్ పట్టుకుని కూర్చుంటాను. కలర్ రసాయనాలకి 38 డిగ్రీలు కావాలి కాబట్టి ఎండాకాలం ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు దాదాపు వాటికి సరిపోతాయి.

సాగరతీరం (విశాఖపట్నం)
ఇంట్లో పెట్టుకుంటే భద్రం అనుకోకండి. మా పెళ్లి నెగెటివ్‌లు ప్లాస్టిక్ కవర్లలో వేసి బీరువాలో పెట్టాం. సముద్రపు గాలికి బూజు పట్టింది. జెలటిన్ పొర బూజుకి ఆహారం. రెండేళ్ల కింద తీసి చూస్తే ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి, లాగితే పొర ఊడింది. ఆల్బమ్‌లో ప్రింట్లు మాత్రం బాగున్నాయి. కాబట్టి అసలుది, కాపీ అన్న లెక్క మా ఇంట్లో తిరగబడింది.

హైపో_వాసన
అమ్మా, అది నెగెటివ్ తప్పు కాదు. ప్లాస్టిక్ కవరు తప్పు. బటర్ పేపర్ కవర్లలో వేసి సిలికా జెల్ పెడితే అలా జరగదు. నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ గారి గాజు పలకల నెగెటివ్‌లు ఈ రోజుకీ ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. ఆయన పోయింది 1905లో. నిజాం కాలం నాటి హైదరాబాద్ ఎలా ఉండేదో మనకి తెలుస్తున్నదంటే ఆ పలకలు దాచినందుకే.

ముప్పైఆరు
నేను దీన్‌దయాళ్ గారిని కాదు సార్. నేను తీసేది ఇరానీ హోటల్ బల్ల మీద పడ్డ ఎండని. అది 2130లో ఎవరికీ అక్కర్లేదు. నాకు ఆ ఉదయం కావాలి. ఫ్రేములు లెక్కపెట్టుకుంటూ, వెలుతురు కొలిచే మీటర్ ముల్లు మధ్యకి వచ్చేదాకా ఆగి, ఊపిరి బిగపట్టి నొక్కే ఆ క్షణం కావాలి. అది నాకు దక్కింది. నెగెటివ్ ఉన్నా లేకపోయినా అది పోదు.

డల్లాస్_రోడ్డు
చర్చకి సంబంధం లేదు, క్షమించండి. సంక్రాంతికి ఇండియా వస్తున్నాను. పది రీళ్లు చెకిన్ బ్యాగులో పెట్టొచ్చా?

ఐసుగడ్డ
అస్సలు పెట్టకండి అన్నా. చెకిన్ ఎక్స్‌రే మిషన్‌లకి ఫిల్మ్ పాడవుతుంది. చేతి సంచిలో పెట్టుకుని, మిషన్‌లో వేయకుండా చేత్తో చూడమని అడగండి. కొత్త సీటీ స్కానర్లు ఉన్నచోట తప్పకుండా అడగాలి.

హైపో_వాసన
ముప్పైఆరూ, నువ్వు చెప్పే ఆ క్షణం అంతా ఫ్యాషన్ మాట. ఊపిరి బిగపట్టడం, ముల్లు చూడటం... మాకు అది బతుకుతెరువు. పగలు పెళ్లి తీసి రాత్రంతా డార్క్ రూమ్‌లో నిలబడేవాళ్లం. బొమ్మ చెరగకుండా నిలిపే హైపో రసాయనంలో నాని వేళ్ల చర్మం పగిలేది, అన్నం కలుపుకుంటే మండేది. ఒక్క నెగెటివ్ మీద గీత పడితే మా నాన్న చెయ్యి చేసుకునేవాడు. మీరేమో అదంతా ప్రశాంతత అని చెప్పుకుంటూ, చివరికి నెగెటివ్‌ని కొరియర్ డబ్బుల కోసం వదిలేస్తారు. అంత బరువైతే ఫోన్‌తో తీసుకోండి. ఫిల్మ్ జోలికి రాకండి.

ముప్పైఆరు
ఇంత మాట అంటారని అనుకోలేదు. ఈ రోజు ఫిల్మ్ ఇంకా తయారవుతోందంటే మాలాంటి వాళ్లు నెలకొక రీలు కొంటున్నందుకే. 2012లో కొడాక్ దివాలా పిటిషన్ వేసినప్పుడు మేం లేము. స్టూడియోలు ఫిల్మ్‌ని వదిలేసి డిజిటల్‌కి మారినప్పుడూ మేం లేము. మారింది మీరే. నెగెటివ్‌లంటే అంత ప్రాణమైతే మీ స్టూడియో నెగెటివ్‌లు ఇప్పుడు ఎక్కడున్నాయి సార్? చెప్పండి.

సాగరతీరం
ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

స్లైడ్‌పిచ్చి
ఆ ప్రశ్న అలా అడగాల్సింది కాదు తమ్ముడూ.

హైపో_వాసన
పొద్దున్నుంచీ సమాధానం రాయాలా వద్దా అనుకుంటున్నాను. అడిగావు కాబట్టి చెప్తాను.

అమ్మేశాను. 2005లో మా స్టూడియో మూసేటప్పుడు వెండి కోసం పాత నెగెటివ్‌లు కొనేవాడు వచ్చాడు. నాన్న కాలం నుంచి ఉన్నవి, గోనె సంచుల నిండా. కేజీల లెక్కన తూచాడు. బ్లాక్ అండ్ వైట్ మాత్రమే తీసుకున్నాడు. కలర్ నెగెటివ్ కడిగేటప్పుడే వెండి అంతా రసాయనాల్లోకి పోతుంది, వాటిలో వాడికి పనికొచ్చేది ఉండదు. అవి వెనక వరండాలో వేశాను. వానకి తడిసి ముద్దయ్యాయి. వచ్చిన డబ్బు కరెంటు బిల్లు బాకీకి, షట్టరు బాగుచేయించడానికి సరిపోయింది.

మరుసటి ఏడాది ఒకామె వెతుక్కుంటూ ఇంటికి వచ్చింది. 1991లో వాళ్ల అన్న మా దగ్గర పాస్‌పోర్ట్ ఫోటో దిగాడట. దుబాయ్ వెళ్దామనుకుని దిగాడు. వెళ్లకుండానే చనిపోయాడు. ఇంట్లో ఉన్న కాపీలు వానలకి ఇల్లు కారి పోయాయి. వాళ్లమ్మ చూడాలంటోంది, ఒక్క ప్రింటు వేసివ్వండి అంది. మా రిజిస్టరు నా దగ్గరే ఉంది. తీసి చూశాను. పేరు ఉంది, తేదీ ఉంది, నెగెటివ్ నంబరు ఉంది. నాన్న చేతిరాత. నంబరు చూపించి లేదని చెప్పాను. ఆమె నన్నేమీ అనలేదు. నంబరు ఉంది కదండీ, ఇంకోసారి చూడండి అంది.

ఆ రిజిస్టరు ఇప్పటికీ పారెయ్యలేకపోతున్నాను. నెగెటివ్ పారేస్తే తప్పేంటి అని నువ్వు అడిగేసరికి నాకు కోపం ఆగలేదు.

ఐసుగడ్డ
బాబాయ్, ఏమనాలో తెలియట్లేదు.

ముప్పైఆరు
నేను అడిగిన తీరు తప్పు సార్. క్షమించండి.

కానీ నాది కూడా చెప్పాలి, లేకపోతే కొరియర్ డబ్బుల కోసమే వదిలేస్తున్నానని అనుకుంటారు. 2021లో మా నాన్న పోయారు. ఆయనకి ఫోటోల పిచ్చి. అగ్ఫా క్లిక్ త్రీతో మొదలుపెట్టారు. అటక మీద రెండు ఇనప్పెట్టెల నెగెటివ్‌లు వదిలారు. ఒక్క కవరు మీద కూడా పేరు లేదు, ఊరు లేదు, సంవత్సరం లేదు. నాలుగు నెలలు రాత్రిపూట కూర్చుని లైట్ బాక్స్ మీద పెట్టి, ఫోన్‌లో రంగులు తిరగేసి ఒక్కొక్కటీ అమ్మకి చూపించాను. ఈయనెవరు, ఈమె ఎవరు అని. సగానికి పైగా మొహాలు అమ్మకి తెలియవు. తెలిసినవాళ్లు చాలామంది బతికిలేరు. రోజూ రాత్రి అమ్మ ఏడుస్తూ పడుకునేది. ఒకరోజు ఇంక చూపించకురా అంది.

ఆ పెట్టెలు ఇంకా ఉన్నాయి. పారెయ్యలేను, చూడలేను. అందుకే అనుకున్నాను, నేను ఎవరికీ పెట్టె మిగల్చకూడదని. నచ్చినవి ఏడాదికి ఇరవై ప్రింట్లు వేయిస్తాను, ఎవరో ఎక్కడో వెనక రాస్తాను, ఒక ఆల్బమ్. అంతే.

సాగరతీరం
అయితే మీ ఇద్దరి పేచీ నెగెటివ్ గురించి కాదు. అడిగి వచ్చేవాళ్లుంటారని ఆయన భయం. ఎవరూ అడగని బరువు మిగులుతుందని నీ భయం.

హైపో_వాసన
తమ్ముడూ, మీ నాన్న పెట్టెల్లో బరువు నెగెటివ్‌ల వల్ల కాదు. పేర్లు రాయనందువల్ల. మా నాన్న రిజిస్టరు రాశాడు, నేను సరుకు అమ్మేశాను. మీ నాన్న సరుకు దాచాడు, రిజిస్టరు రాయలేదు. ఆ రెండు పెట్టెలు ఏ ఊళ్లో తీసినవో చెబితే, గుంటూరు, కృష్ణా వైపువైతే నేను చూస్తాను. పాత పెళ్లిళ్లు చాలా తీశాను, కొన్ని మొహాలు గుర్తుంటాయి.

నీ నెగెటివ్‌ల మాట మాత్రం నేను ఒప్పుకోను. దాచాలి.

ముప్పైఆరు
ఎక్కువ భాగం రేపల్లె, బాపట్ల వైపే సార్. నాన్న ఉద్యోగం అక్కడే. వచ్చే నెల అమ్మని తీసుకుని వస్తాను, అమ్మకి ఓపిక ఉంటే.

నావి తెప్పించుకోవడం గురించి నేను కూడా ఇంకా ఒప్పుకోలేదు. ప్రింట్లు మాత్రం వేయిస్తున్నాను.

హైపో_వాసన
రండి. ఒక్క మాట, ప్రింటు వెనక బాల్‌పెన్నుతో నొక్కి రాయకు, గీత ముందు వైపుకి తేలుతుంది. సన్న మొన ఉన్న మార్కర్‌తో అంచున రాసి, ఆరేదాకా ఒకదాని మీద ఒకటి పెట్టకు.