వీరతాడు పడింది ఏ అక్షరానికి?

గుంటూరు నుంచి:
పోయిన వారం మా బడిలో పదో తరగతి పిల్లల వీడ్కోలు సభలో ఎదుగుదల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. వ్యక్తిత్వ వికాస పుస్తకాలు నాకు పడవు కనుక ‘మాయాబజార్’ను ఆశ్రయించాను. చిన్నమయ శిష్యుడు నోరు తిరగక ‘అసమదీయులు’ అంటే, ఘటోత్కచుడు వాడిని వెక్కిరించకుండా, ‘ఎవరూ పుట్టించకపోతే మాటలెలా పుడతాయి’ అని మెచ్చి మెడలో వీరతాడు వేయించాడనీ, తప్పుకు జంకనివాడే ఎదుగుతాడనీ చెప్పాను. సభ ముగిశాక ఒక విశ్రాంత పండితులు నన్ను పక్కకు పిలిచి, శిష్యుడు ‘అస్మదీయులు’ అని శుద్ధంగానే పలికాడనీ, ‘అసమ’ అన్నది మన నోళ్ళలో అరిగి తయారైన రూపమనీ, తప్పే జరగనప్పుడు నా నీతికి కాళ్ళు లేవనీ తేల్చేశారు. ఇంతకీ ఆ సకారానికి మవత్తు ఉన్నట్టా, లేనట్టా?

విజయనగరం నుంచి:
నా చెవికి ఎప్పుడూ విడి అక్షరంగానే వినిపించింది. అయినా దాన్ని తప్పు అనడానికి నాకు మనసొప్పదు. రత్నము రతనమైనట్టు, యత్నము జతనమైనట్టు, శ్రీ సిరి అయినట్టు, జంటహల్లు నడుమ ఒక అచ్చును దూర్చి పలకడం తెలుగు నోటికి పుట్టుకతో వచ్చిన విద్య. మీ పండితుల వారు అరుగుదల అంటున్నది స్వరభక్తి. ఆ శిష్యుడు తప్పు పలకలేదు, మన కళ్ళముందే ఒక తద్భవాన్ని తయారుచేశాడు.

హైదరాబాదు నుంచి:
అమ్మా, మీరందరూ మొదటి మాట దగ్గరే ఆగిపోయారు. అసలు పట్టు ఎదుటి పక్షాన్ని ‘తస్మదీయులు’ అన్న రెండో మాటలో ఉంది. మనది అస్మదీయం, ఎదుటివారిది యుష్మదీయం, ఇతరులది తదీయం. ‘తస్మదీయం’ సంస్కృతంలో లేదు. అస్మద్ అన్నది విరవడానికి వీల్లేని ప్రాతిపదిక కాగా, ఆ చిత్రానికి మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు దాన్ని ‘అ’, ‘స్మదీయ’ అని విరిగే మాట అన్నట్టు నటించి, అకారం తీసి తకారం అతికించాడు. ఇంకో చిత్రం చూడండి: అతడు, అక్కడ, అప్పుడు అన్నప్పుడు దూరాన్ని చూపే మన అకారం ఇక్కడ దగ్గరవాళ్ళకు దక్కింది. కాబట్టి వీరతాడు పడవలసింది నోటి తడబాటుకు కాదు, ఆ తకారానికి. పిల్లలకు చెప్పవలసిన నీతి కూడా మారుతుంది: తప్పులు చేయండి అని కాదు, ఒక మాట పోకడ పట్టుకుని అది పోనిచోటికి కూడా దాన్ని పోనివ్వండి అని.

కాకినాడ నుంచి:
అసమ అంటే సాటిలేని అని అర్థం. మనవాళ్ళు సాటిలేనివాళ్ళు అనే శ్లేష కోసం కవి మవత్తు కావాలనే తీసేశాడని ముప్పై ఏళ్ళుగా మా విద్యార్థులకు చెబుతున్నాను.

హైదరాబాదు నుంచి:
అయితే ‘తసమ’కు కూడా అర్థం సెలవివ్వండి, మాస్టారూ.

కాకినాడ నుంచి:
రసపట్టులో తర్కం కూడదని ఆ చిత్రమే చెప్పింది.

డాలస్ నుంచి:
పోకడను పోనిచోటికి పోనివ్వడం గురించి హైదరాబాదు వారు అన్నమాటకు మా ఇంట్లోనే సాక్ష్యం ఉంది. పుస్తకం గిస్తకం, కాఫీ గీఫీ అని మనం వాడే జంటమాటల్లో రెండోదానికి సొంత అర్థం ఉండదు. పింగళి మాత్రం కంబళి పక్కన గింబళిని, తల్పం పక్కన గిల్పాన్ని పరిచి, వాటికి ఏకంగా మాయ వస్తువుల హోదా ఇచ్చాడు. ఈ సంగతి మా ఎనిమిదేళ్ళ అమ్మాయికి వివరించిన మర్నాడు అది పెరుగన్నం తింటూ, గిన్నెను ఎత్తి చూపి, ‘నాన్నా, దీనికి అసలు మాట ఏది?’ అని అడిగింది. గకారానికి గుడి కనిపిస్తే చాలు, దాని వెనక ఇంకో మాట దాగి ఉంటుందని దాని లెక్క. నేను దిద్దలేదు. పసుపు ఊలుదారం తెచ్చి మెడలో వేశాను.

విజయనగరం నుంచి:
మీ అమ్మాయికి మా వంతుగా ఇంకొకటి వేయండి. గిల్పం పేరు వినగానే నాకు పెద్దనగారి ఉయ్యెలమంచం గుర్తుకొస్తుంది. ‘నిరుపహతి స్థలంబు’ పద్యంలో ఆయన కర్పూర తాంబూలమూ, ఇంపైన భోజనమూ, ఉయ్యెలమంచమూ, ‘ఒప్పు తప్పరయు రసజ్ఞులూ’ దొరికితే తప్ప ‘ఊరక కృతుల్ రచియింపు మటన్న శక్యమే’ అని తేల్చిచెప్పాడు. ఘటోత్కచుడు ఈ జాబితా అంతటినీ ఒక్క వాక్యంతో కొట్టిపారేశాడు. పెద్దన నాకు ప్రాణం, ‘అటఁజని కాంచె’ అని ఎవరైనా ఎత్తుకుంటే వంట మాడినా లేవను. అయినా కొత్త పని మొదలుపెట్టే పిల్లలకు మాత్రం ఆ పద్యం చెప్పకూడదని నా అభిప్రాయం.

కాకినాడ నుంచి:
పెద్దనను తక్కువ చేయకండి. ఒప్పు తప్పు అరసే రసజ్ఞుడు కావాలన్నాడు. ఘటోత్కచుడు చేసిన పని అదే కదా! తప్పులో ఉన్న ఒప్పును అరసినవాడు దొరికాడు కనుకనే శిష్యుడి మాట నిలిచింది. ఇక ‘వీరతాడు’ మాటకు వస్తే, సంస్కృత ప్రాతిపదికకు తెలుగు మాట తగిలించిన వైరిసమాసం అది. ముందు దాని సంగతి తేల్చాలి.

హైదరాబాదు నుంచి:
వీరుల గుర్తుగా పొలిమేరల్లో నిలిచిన రాళ్ళను, ఆ వీరగల్లులను కూడా వైరిసమాసాలని పెకలిస్తారా?

గుంటూరు నుంచి:
నిన్న రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని ఆ ఘట్టాన్ని అయిదుసార్లు వెనక్కి తిప్పి విన్నాం. నేనూ మా అబ్బాయీ విడి అక్షరమన్నాం. మా ఆవిడా, మా అత్తగారూ మవత్తు ఉందన్నారు. ఇంట్లో అస్మదీయులెవరో తస్మదీయులెవరో తేలింది గానీ, సకారం సంగతి తేలలేదు.

విజయనగరం నుంచి:
మీరు విన్నది పాత నలుపు తెలుపు ప్రతిలోనా, 2010లో రంగులద్దిన ప్రతిలోనా?