విడాకుల కేసుకి లీగల్ ఎయిడ్: ఇండియాలోనా, ఇంగ్లండ్‌లోనా?
అందరికీ నమస్కారం. మా అక్క ఇండియాలో ఉంది, బావ ఇంగ్లండ్‌లో. విడాకుల కేసు ఎక్కడ వేస్తే ఖర్చు తక్కువో తేల్చుకోలేకపోతున్నాం.

ఇండియాలో 1987 నాటి న్యాయ సేవల చట్టం సెక్షన్ 12 ప్రకారం మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెడితే సరిపోతుంది. ఇంగ్లండ్‌లో ఆడవాళ్లకైనా సరే ఆదాయం, ఆస్తి రెండూ లెక్క చూస్తారు. పైగా 2012 చట్టం వచ్చాక విడాకులకు మామూలుగా లీగల్ ఎయిడ్ రాదు, గృహహింసకు ఆధారాలు చూపిస్తే తప్ప. పోనీ వచ్చినా అది పూర్తిగా ఉచితం కాదు. కేసులో ఇల్లో, డబ్బో దక్కితే అందులోంచి ఆ ఖర్చుని అక్కడి ప్రభుత్వం తిరిగి రాబట్టుకోవచ్చు. అసలు టెన్షన్ అంతా దీని గురించే.

అక్క ఇక్కడ ఇచ్చిన పోలీసు ఫిర్యాదు కాపీని అక్కడ ఆధారంగా ఒప్పుకుంటారా? ఇక్కడే కేసు వేస్తే, విదేశంలో ఉన్న బావకి సమన్లు పంపడానికి, కాగితాల అనువాదానికి అయ్యే ఖర్చు కూడా న్యాయ సేవాధికార సంస్థే భరిస్తుందా, లేక అక్క పెట్టుకోవాలా? ఉచిత లాయర్లు ఇలాంటి కేసుల్ని పట్టించుకోరని బంధువులు భయపెడుతున్నారు (వాళ్లెవరూ కోర్టు మెట్లు ఎక్కినవాళ్లు కాదు). రెండు దేశాల మధ్య ఇలాంటి కేసు నడిపినవాళ్లుంటే, చేతి నుంచి ఎంత పడిందో దయచేసి చెప్పండి.