వేప చెట్టు కాండం మీద పిలకలు: ఉంచాలా, తీసేయాలా?

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా, కావలి దగ్గర పల్లె. ఇంటి ముందు మా తాత నాటిన వేప చెట్టు ఉంది. కరెంటు తీగలకు తగులుతోందని మాఘమాసంలో కొమ్మలన్నీ కొట్టేశారు. ఆ మోడు చూసి మా అమ్మ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

ఇప్పుడు ఛాతీ ఎత్తులో, ముదురు బెరడు పగుళ్లలోంచి పిలకలు గుత్తులుగా వస్తున్నాయి. ముందు నువ్వుగింజంత ఎర్రటి మొన, నాలుగు రోజులకే రాగి రంగు ఆకులు. ఒక్కచోటే 14 లెక్కపెట్టాను.

ఓక్ చెట్ల గురించి చదివాను. చెట్టు లేతగా ఉన్నప్పుడే పుట్టిన మొగ్గలు కొన్ని విచ్చుకోకుండా బెరడు కింద నిద్రపోతూ, కాండం లావయ్యేకొద్దీ ఏటా కాస్త కాస్త బయటికి జరుగుతాయట. నడిమి దవ్వ నుంచి వాటి దాకా సన్నని జాడ ఉంటుంది. పైకొమ్మల చివళ్ల నుంచి దిగి, వాటిని నిద్రలో ఉంచే ఆక్సిన్ అనే హార్మోన్ తగ్గి, కాండానికి వెలుతురు తగిలితే మేల్కొంటాయి. జామాయిల్ నరికితే మొదలు నుంచి పిలకలు రావడం మనం చూసేదే.

నా సందేహం: వేపలోనూ ఇవి పాత మొగ్గలేనా, లేక కొత్తగా పుట్టినవా? లేత పిలకకు పైపొర చెక్కలోనే పట్టు ఉంటుంది కదా, తుఫాను గాలికి విరిగిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఎన్ని ఉంచాలి, ఎప్పుడు పలచన చేయాలి? ఇలా కొట్టేసిన వేపను మళ్లీ పెంచుకున్నవాళ్లు దయచేసి చెప్పండి. అప్పటిదాకా కత్తి ముట్టుకోను.