‘ఒక లీటర్ కన్నీళ్లు’: డైరీలో లేని ప్రేమికుణ్ణి డ్రామాలో పెట్టడం న్యాయమేనా?

చినుకు
చూడనివాళ్ల కోసం ముందు నాలుగు ముక్కలు. కిటో ఆయా 1962లో జపాన్‌లోని తొయొహాషిలో పుట్టింది. పదిహేనేళ్లు వచ్చేసరికి చిన్నమెదడు, వెన్నుపాము క్రమంగా క్షీణించే జబ్బు బయటపడింది. చెయ్యి సాగినన్నాళ్లూ డైరీ రాసింది. అది 1986లో పుస్తకంగా వచ్చింది. 1988లో, 25 ఏళ్లకే ఆమె పోయింది. 2005లో ఫుజీ టీవీ దాన్ని 11 ఎపిసోడ్ల డ్రామాగా తీసింది. ఎరికా సవాజిరి ఆయాగా వేసింది. ఆమెను ప్రేమించే క్లాస్‌మేట్ అసో హరుతోగా ర్యో నిషికిదో వేశాడు.

ఇంటిపేరు ఇకేఉచి అని మార్చారు. కాలాన్ని 2005కి జరిపారు. నాన్నకి తోఫు (సోయా పన్నీరు) కొట్టు పెట్టించారు. అసలు జీవితంలో వైద్యం చేసింది మహిళా డాక్టర్, ఇక్కడ మగ డాక్టర్ అయ్యాడు. వీటితో నాకు పేచీ లేదు. కానీ హరుతో పూర్తిగా కల్పన. ప్రతి ఎపిసోడ్ చివరా అసలు ఆయా ఫొటోలు, డైరీ మాటలు చూపిస్తూ, ఆ మధ్యలో ఆమె జీవితంలో లేని అబ్బాయిని నిలబెట్టడం సబబేనా?

గోదారి గట్టు
సబబు కాదు. ‘కల్పన’ అని ఎక్కడో చిన్నక్షరాల్లో వేసినంత మాత్రాన సరిపోదు. ఫొటోలు చూపిస్తే చూసేవాడు ‘ఇదంతా జరిగిందే’ అనుకుంటాడు. ఇప్పటికీ ఆ అబ్బాయి పెళ్లి చేసుకున్నాడా, ఎక్కడున్నాడు అని అడిగేవాళ్లు ఉన్నారంటే తప్పు వాళ్లది కాదు.

అసలు నష్టం ఇంకోచోట జరిగింది. డైరీలో బరువంతా బడి మీద ఉంటుంది. మెట్లు, ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్లే ఆ పది నిమిషాలు, సాయం చేసే స్నేహితురాళ్లకి భారమవుతున్నానన్న బాధ, చివరికి మామూలు బడి వదిలి ఒకజాకిలోని ప్రత్యేక పాఠశాలకి వెళ్లడం. అది ప్రేమకథ కాదు. ఒక సమాజం ఒక పిల్లని ఎలా పక్కకి జరిపిందో చెప్పే లెక్క. జపాన్ 1979లో ప్రతి ప్రిఫెక్చర్‌లోనూ (మన రాష్ట్రంలాంటిది) వికలాంగ పిల్లలకి వేరే బడులు తప్పనిసరి చేసింది. మంచి ఉద్దేశమే, కానీ ‘నీకు వేరే బడి ఉందిగా’ అనడం దాంతో తేలికైపోయింది. డ్రామాలో ఆ గొడవని హరుతో భుజాల మీద వేసి చేతులు దులుపుకున్నారు.

సీమ మిరప
గట్టు గారూ, ఆ బడి ఎపిసోడ్లు ఇంకోసారి చూడండి. క్లాసులో అందరూ కూర్చుని ‘ఆయా వల్ల పాఠాలు వెనకబడుతున్నాయి’ అంటుంటే హరుతో లేచి కడిగేస్తాడు. మొహం మీద నవ్వుతూ సాయం చేసి వెనక ఇలా మాట్లాడటం ఏంటని అడుగుతాడు, తనని కూడా ఆ లెక్కలోనే వేసుకుంటాడు. ఫలితం? బయట నిలబడ్డ ఆయా అంతా వినేస్తుంది. వాడు చేసిన మేలు ఏమీ లేదు, ఆమె వెళ్లిపోవడానికి ఇంకో కారణం చేతికిచ్చాడు. ఆ పాత్ర హీరోయిజం కోసం పెట్టింది కాదు. చేతకానితనం చూపించడానికి పెట్టింది.

ఇంకోటి, డైరీ అనేది తనతో తాను మాట్లాడుకునే రాత. తెరమీదికి వచ్చేసరికి ఆ మాట వినేవాడొకడు కావాలి. అమ్మకి చెబితే అమ్మ ఏడుస్తుంది, డాక్టర్‌కి చెబితే అది రోగలక్షణం అయిపోతుంది. ఇంటివాడూ కాదు, ఆసుపత్రివాడూ కాదు, అలాంటి మూడోమనిషి లేకపోతే 11 ఎపిసోడ్లూ తెర వెనక వినిపించే గొంతు మీదే నడపాలి. డ్రామాకి ముందే ఒక సినిమా వచ్చింది, డైరీకి దగ్గరగానే ఉంటుంది. ఎంతమంది చూశారు?

బజ్జీల బండి
అబ్బాయి బాగున్నాడు, ఏడుపొచ్చింది. చర్చ సమాప్తం.

నడక లెక్క
న్యాయం సంగతి మీరు తేల్చుకోండి. వైద్యం వైపు నుంచి చెప్పాల్సింది కొంత ఉంది, అది చర్చకి పనికొస్తుంది.

మొదటి ఎపిసోడ్‌లో ఆయా పడిపోయి గడ్డం పగలగొట్టుకుంటుంది. అరచేతులకి దెబ్బ లేదు. మామూలుగా పడేవాళ్ల చేతులు ముందుకి వచ్చేస్తాయి, చేతులు గీసుకుపోతాయి. ఇక్కడ గడ్డానికి తగిలిందంటే చేతులు సమయానికి రాలేదన్నమాట. కథలో డాక్టర్‌కి అనుమానం తగిలేదీ అక్కడే. రాసినవాళ్లకి విషయం తెలుసు.

ఈ జబ్బులో కండరం చచ్చుబడదు. కదలికకి ఎంత బలం, ఎంత దూరం, ఎప్పుడు ఆపాలి అనే కొలత తప్పుతుంది. అందుకే గ్లాసు కోసం చాచిన చెయ్యి గ్లాసు దాటిపోతుంది. డాక్టర్లు చేయించే పరీక్షలూ దాని కోసమే: వేలితో ముక్కు ముట్టుకుని ఎదుటివాళ్ల వేలు ముట్టుకోవడం, మడమకి బొటనవేలు ఆనించి తాడు మీద నడిచినట్టు నడవడం. నడకలో కాళ్లు ఎడంగా పడతాయి. మాట మొదట ముద్దగా, తర్వాత ముక్కలు ముక్కలుగా వస్తుంది. చివర్లో మింగడం కష్టమవుతుంది. అన్నం ముద్ద కన్నా మంచినీళ్లే ప్రమాదం, ఎందుకంటే నీళ్లు వేగంగా జారి, గొంతు మూసుకునేలోపే ఊపిరి గొట్టంలోకి పోతాయి. అందుకే నీళ్లలో చిక్కబరిచే పొడి కలిపి, గడ్డం కాస్త కిందికి వంచి గుటకలు వేయిస్తారు. అయినా ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా.

ఇంత జరిగినా ఆలోచన చాలావరకు చెక్కుచెదరదు. జపాన్‌లో 2000 నుంచి టాల్టిరెలిన్ మాత్రలున్నాయి, తూలడం కొంత తగ్గించడం వరకే. జబ్బు నయం చేసే మందు లేదు.

డ్రామాలో లోటు ఎక్కడంటే, నడక బాగా చూపించారు, మాట పోవడం తొందరగా దాటేశారు. నెమ్మదిగా, తడబడుతూ వచ్చే వాక్యానికి అసలు పట్టే సమయం ఇస్తే సీన్ రెండింతలు సాగుతుంది. టీవీ అంత ఓపిక పట్టదు. హరుతోతో సంభాషణలున్న చోటే ఈ తేడా ఎక్కువ కనిపిస్తుంది.

గోదారి గట్టు
నేనన్నదీ అదే కదా! ప్రేమ సంభాషణ నడవాలంటే మాట స్పష్టంగా ఉండాలి, అందుకని జబ్బుని ఆలస్యం చేశారు.

నడక లెక్క
పూర్తిగా కాదు. చివరి ఎపిసోడ్లలో అక్షరాల పలక వాడారు. జపనీస్ అక్షరాలు వరసగా రాసిన అట్ట మీద ఒక్కో అక్షరం వేలితో చూపిస్తూ మాట పేర్చడం. మాట పోయినవాళ్లు నిజంగా వాడే పద్ధతే. వేలు గురి తప్పుతుంది కాబట్టి గడులు పెద్దవిగా ఉండాలి, ఎదుటివాళ్లు ఒక్కో అక్షరం పైకి చదివి ‘ఇదేనా’ అని అడగాలి. చెప్పేవాళ్లకెంత ఓపిక కావాలో చదివేవాళ్లకీ అంతే కావాలి. ప్రేమ అన్నమాటకి అక్కడ పని దొరికింది.

సీమ మిరప
భలే చెప్పారు. ఇక్కడే టీబీఎస్ వాళ్ల 2004 డ్రామా ‘సెకాచూ’తో పోల్చి చూడండి. హరుకా అయాసే, తకయుకి యమదా జంటగా వేశారు. అందులో అమ్మాయికి లుకేమియా. ఇద్దరూ క్యాసెట్లలో మాటలు రికార్డు చేసి మార్చుకుంటారు. అది అబ్బాయి జ్ఞాపకం, ఏళ్ల తర్వాత అతను తలుచుకునే కథ. అమ్మాయిని మనం అతని కళ్లతోనే చూస్తాం. ‘ఒక లీటర్’లో గొంతు అమ్మాయిదే. కల్పితమైన ప్రేమికుడు ఉన్నా కథ వాడి చేతికి పోలేదు. అతికించిన పాత్ర మొత్తం కథని లాక్కుందా లేదా అన్నదే నాకు కొలబద్ద.

తాటిముంజ
అందరూ వదిలేసిన మనిషి ఒకరున్నారు. చెల్లెలు ఆకో. మొదట్లో అక్క మీద రుసరుసలాడే పిల్ల. తర్వాత పట్టుబట్టి చదివి, అక్క వదిలేయాల్సి వచ్చిన హైస్కూల్లోనే సీటు తెచ్చుకుంటుంది. సీమ మిరప గారు ‘మూడోమనిషి లేకపోతే నడవదు’ అన్నారే, ఆకో సరిపోదా? రికో నరుమి ఎంత బాగా చేసింది! అమ్మగా వేసిన హిరోకో యకుషిమరు సంగతి చెప్పక్కర్లేదు. ఇంట్లోవాళ్లతోనే నిండిపోయేది. హరుతో ఉన్నది మంగళవారం రాత్రి 9 గంటల స్లాట్ కోసం, పాప్ గ్రూపు కుర్రాడి పేరుకి వచ్చే ప్రేక్షకుల కోసం అని నా అభిప్రాయం.

సీమ మిరప
ఆకో చెల్లెలు. అక్కకి సేవ చేయడం ఇంటివాళ్ల బాధ్యత అని ఊరుకుంటాం. ఏ బంధుత్వమూ లేనివాడు వస్తూ ఉండటం వేరు. అయినా వాళ్లని కలపలేదుగా? ‘లవ్ లెటర్’ అని పేరు పెట్టిన ఎపిసోడ్‌లో ఆయా ఇచ్చే ఉత్తరం ఇక కలవొద్దని చెప్పేది. మన ‘ప్రేమాభిషేకం’లో లాగా నాటకమాడి దూరం నెట్టేయడం కాదు, ఉన్నమాట రాసి ఇవ్వడం.

వెన్నెల చాప
నా అభ్యంతరం హరుతో మీద కాదు, పాట మీద. ‘ఆయా వల్ల ఇబ్బంది’ అన్న పిల్లలే ఆమె బడి వదిలి వెళ్లే రోజు వెనకాలే పరిగెత్తుకొచ్చి కోరస్ పాడతారు. రెమియోరోమెన్ బృందం 2004లో విడుదల చేసిన ‘మార్చి 9’ పాట. అంతకుముందు క్లాసంతా కలిసి నేర్చుకున్న పాట కాబట్టి వాడుకున్న తీరు తెలివైనదే. కానీ ఆ నాలుగు నిమిషాల్లో క్లాసు తప్పంతా కడుక్కుపోతుంది. చూసేవాడు ఏడ్చేసి ‘పిల్లలు మంచోళ్లే’ అనుకుంటాడు. లిఫ్ట్ లేని బడి, ఒక మనిషిని సాయానికి పెట్టని యాజమాన్యం మాత్రం అలాగే మిగిలాయి. గట్టు గారు వెతుకుతున్న దొంగ ప్రేమికుడు కాదు, ఈ కోరస్.

జపాన్‌లో వైకల్య వివక్ష నిరోధక చట్టం 2016 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. ప్రభుత్వ బడి ఇప్పుడు మోయలేని భారమైతే తప్ప తగిన సర్దుబాటు చేసి తీరాలి. మన దేశంలో చట్టం కూడా 2016దే. డ్రామా వచ్చిన 2005కి అక్కడ ఆ హక్కు లేదు, సరే. అయినా ప్రశ్న అడగొచ్చుగా?

గోదారి గట్టు
వెన్నెల చాప గారి మాట సగం ఒప్పుకుంటాను. ఆ కోరస్ నాకు తట్టలేదు. కానీ ఫొటోల దగ్గర మాత్రం తగ్గేది లేదు. కల్పన పెట్టుకున్నారా, ఫొటోలు తీసేయండి. ఫొటోలు కావాలా, కల్పన తీసేయండి.

బజ్జీల బండి
సరే, కొత్తగా చూసేవాళ్లు ఏ వరసలో చూడాలో అదైనా ఒప్పుకుంటారా?

చినుకు
ముందు డ్రామా. ఒక్కో పూటకి రెండు ఎపిసోడ్లు మించొద్దు, జబ్బు మెట్టుమెట్టుగా ముదరడం వరసపెట్టి చూస్తే తెలియదు. చివర పేర్లు పడేటప్పుడు ఆపకండి, డైరీ మాటలు అక్కడే ఉంటాయి. తర్వాత డైరీ. 2007లో వచ్చిన ప్రత్యేక ఎపిసోడ్ ఆఖరికి. అందులో హరుతో డాక్టర్, అదే జబ్బున్న ఇంకో అమ్మాయికి వైద్యం చేస్తుంటాడు.

గోదారి గట్టు
ముందు డైరీ.

సీమ మిరప
డైరీ ముందు చదివితే ఎనిమిదో ఎపిసోడ్‌కే హరుతో మీద కోపమొచ్చి ఆపేస్తారు. గట్టు గారి ప్లాన్ అదే.