సండే స్కూల్ క్రిస్మస్ అలంకరణ: పాత కాగితాలతో చేయించాలా, కొనేద్దామా?

సండేస్కూల్_టీచర్:
అందరికీ వందనాలు. తణుకు పక్కన మాది చిన్న సంఘం. హాలు అలంకరణకి కమిటీ ఈసారి రెండు వేలు ఇచ్చింది. సీరియల్ సెట్లు పాతవే ఉన్నాయి. పాత పేపర్లు, క్యాలెండర్లు, శుభలేఖలు పోగేసి, చెట్టుకి కట్టే గంటలు, నక్షత్రాలు, బంతులు పిల్లల చేతే చేయిద్దామన్నాను. కమిటీలో ఒక పెద్దాయన "బజార్లో మెరిసే బంతులు డజన్ల లెక్కన దొరుకుతుంటే పండగపూట ఈ చిత్తు కాగితాలేంటమ్మా" అన్నారు. మీరేమంటారు?

లెక్కల_మాస్టారు:
నా ఓటు పెద్దాయనకే. ప్లాస్టిక్ బంతుల్ని అట్టపెట్టెలో జాగ్రత్తగా దాస్తే ఏళ్ళ తరబడి వస్తాయి. కాగితం అటక మీద పెడితే చెదల పాలే. ఇంకో సంగతి. ఈ పనులన్నీ "కాగితం ఊరికే వస్తుంది కదా" అనే మొదలవుతాయి. తర్వాత గ్లూ గన్, గోల్డ్ స్ప్రే, గ్లిట్టర్, శాటిన్ రిబ్బన్... చివరికి అసలు కంటే కొసరు ఎక్కువవుతుంది.

గోదారి_కోడలు:
ఆ కొసరు కొనమని ఎవరన్నారు మాస్టారూ? మా అమ్మమ్మ చేటలకి పూసే గుజ్జు చాలదూ! న్యూస్‌పేపర్ని చిన్న ముక్కలుగా చింపి రాత్రంతా నానబెట్టండి. విడిగా నానిన మెంతుల్ని మెత్తగా రుబ్బి, నీళ్ళు పిండేసిన కాగితంలో కలిపి మళ్ళీ రుబ్బండి. జిగురు మెంతుల్లోనే ఉంది. పెద్ద నిమ్మకాయంత ఉండ చేసి, తడి మీదే పురికొస ముక్క గుచ్చేయాలి. డిసెంబర్ ఎండకి పైపైన గట్టిపడి మోసం చేస్తుంది, లోపల చెమ్మ ఉంటే బూజే. చేతిలో తేలిగ్గా అనిపించేదాకా ఎండనిచ్చి, అప్పుడు రంగు వెయ్యండి. క్యాలెండర్ షీటు గట్టిగా ఉంటుంది కాబట్టి విసనకర్ర మడతలకి బాగుంటుంది. రెండు విసనకర్రల్ని ఎదురెదురుగా అతికిస్తే గుండ్రటి పువ్వొస్తుంది. అతికించడానికి ఉడికించిన మైదా చాలు, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసుకోండి.

నర్సమ్మ:
అమ్మా, మైలుతుత్తం విషం. పెద్దవాళ్ళ పనికి సరేగానీ, వేళ్ళు నోట్లో పెట్టుకునే పిల్లలున్న చోట వద్దు. మైదా జిగురు ఏ రోజుకారోజు ఉడికించుకుంటే సరిపోతుంది. పేపర్ సిరా చేతులకి అంటుతుంది, బిస్కెట్లు పంచేముందు సబ్బుతో కడిగించండి.

పక్కింటి_సుబ్బారావు:
నేను మీ చర్చి మనిషిని కాను, శుభలేఖల మాట చూసి రాస్తున్నా. మా ఇళ్ళ కార్డుల మీద వినాయకుడో వెంకటేశ్వరస్వామో ఉంటారు. పెళ్ళికి పిలిచిన కార్డు సగానికి తెగి మీ చెట్టుకి వేలాడుతూ కనబడితే మనసు చివుక్కుమంటుంది. బొమ్మ ఉన్న అట్ట పక్కన పెట్టేసి ఖాళీ అట్టలు, కవర్లు వాడుకోండి, ఎవరికీ అభ్యంతరం ఉండదు.

సండేస్కూల్_టీచర్:
బాగా చెప్పారండీ, అది నాకు తట్టలేదు. చిరిగిపోయిన పాత పాటల పుస్తకాలు కూడా ఉన్నాయి, వాడొచ్చా అని అడుగుదామనుకున్నా. ఇక అడగను.

పచ్చదనం:
థర్మాకోల్ వైపు మాత్రం పోకండి. అలంకరణకి వాడే థర్మాకోల్ మన దేశంలో 2022 జూలై 1 నుంచి నిషేధం. విడి ప్లాస్టిక్ గ్లిట్టర్ అమ్మకాన్ని యూరోపియన్ యూనియన్ 2023లోనే ఆపింది. గ్లిట్టర్ చల్లిన కాగితం మళ్ళీ కాగితంగా మారడమూ కష్టమే.

లెక్కల_మాస్టారు:
ఒప్పుకుంటా. కానీ ఒకే బంతిని పదేళ్ళు వాడితే అదీ పర్యావరణమే కదండీ? ఏటా చేసి ఏటా పారేసేదానికంటే నయం.

ఏలూరు_రాజు:
చేదుగా ఉన్నా చెప్తాను. చిన్నప్పుడు డబ్బుల్లేక మా ఇంటికి పేపర్ నక్షత్రమే కట్టేవాళ్ళం. వీధంతా మెరుస్తుంటే మాది వెలవెలబోయేది. దాన్ని మీరు సృజన అంటారు. అది తప్ప గతిలేని పిల్లాడికి అలా అనిపించదు.

సండేస్కూల్_టీచర్:
రాజు గారూ, మీ మాట కొట్టిపారెయ్యలేను. కాకపోతే ఇక్కడ డాక్టరు గారమ్మాయి, కూలీ కొడుకు ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు, అన్నీ ఒకే చెట్టుకి ఎక్కుతాయి. ఎవరి ఇల్లూ ఎవరికీ కనబడదు. జర్మనీలో మొరేవియన్ అనే క్రైస్తవ సంఘం బళ్ళో 19వ శతాబ్దంలో లెక్కల పాఠంగా పిల్లలతో కట్టించిన కాగితపు నక్షత్రం, ఇవాళ హెర్న్‌హుట్ ఊరి పేరుతో జనం డబ్బిచ్చి కొనుక్కునే వస్తువైంది. కాగితం అనగానే లేమి గుర్తుకు రావాల్సిన పని లేదని నా ఉద్దేశం.

కరెంటు_పని:
మీ వాదనలేమోగానీ, బయట కట్టే పెద్ద స్టార్ మాత్రం కొనండి. తెల్లవారుజాము మంచుకి కాగితం మెత్తబడి జారిపోతుంది. లోపల పాత 60 వాట్ల బల్బు పెట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ వేడికి కాగితం ముందు మాడుతుంది, ఆ తర్వాత అంటుకుంటుంది. ఎల్‌ఈడీ అయినా కాగితానికి ఆనకుండా కట్టండి. హాల్లో గుజ్జు బంతుల్ని సీరియల్ సెట్ తీగలకి వేలాడదీయొద్దు, కొమ్మకే కట్టండి.

సండేస్కూల్_టీచర్:
అందరికీ థాంక్స్. బయట స్టార్ కొంటున్నాం, చెట్టుకి మాత్రం పిల్లలు చేసినవే. ఆదివారం ఆరాధన అయ్యాక కాగితం చింపడం మొదలు. పెద్దాయన ఇంకా మెత్తబడలేదు, చెట్టు కొసన పెట్టే నక్షత్రం మాత్రం తానే కొని తెస్తానన్నారు.

లెక్కల_మాస్టారు:
తేనివ్వండి. బిల్లు కమిటీకి పెట్టకుండా చూసుకోండి.