రసీదు లేనివాళ్లను క్లాస్ యాక్షన్‌లో చేర్చొచ్చా?

చర్చ మొదలుపెట్టినవారు:
అమెరికాలో కొందరు వినియోగదారులు అందరి తరఫునా కంపెనీ మీద కేసు వేస్తే, ముందు జడ్జి దాన్ని క్లాస్ యాక్షన్‌గా, అంటే ఉమ్మడి కేసుగా, సర్టిఫై చేయాలి. సరుకు ఎవరెవరు కొన్నారో ఎలా తేలుస్తారని ఆ దశలోనే అడగడం నా దృష్టిలో న్యాయమే. 2013లో బేయర్ విటమిన్ మాత్రల కేసులో థర్డ్ సర్క్యూట్ కోర్టు (అక్కడి ఫెడరల్ అప్పీల్ కోర్టుల్లో ఒకటి) అలాగే అడిగింది. 'నేనూ కొన్నాను' అని ఎవరైనా అఫిడవిట్ ఇచ్చేస్తే కంపెనీ దాన్ని ఎలా ఎదుర్కోవాలి?

జవాబు:
సర్, క్లాస్ యాక్షన్‌కు ఏమేం కావాలో చెప్పే ఫెడరల్ కోర్టుల నియమం రూల్ 23. అందులో ఆ షరతే లేదు. విడివిడిగా కేసులో చేర్చలేనంత మంది ఉండాలి, ప్రశ్న ఉమ్మడిది కావాలి, కేసు వేసినవాళ్ల ఫిర్యాదు మిగతావాళ్ల ఫిర్యాదు లాంటిదే కావాలి, వాళ్లు అందరి మేలూ చూడగలగాలి. పరిహారం అడిగితే ఇంకో రెండు: ఉమ్మడి ప్రశ్నలదే పైచేయి కావాలి, విడి కేసుల కన్నా ఇదే మెరుగైన దారి కావాలి. రసీదు ఊసెక్కడ?

వెసన్ వంటనూనె కేసు చూడండి. సీసా మీద '100% సహజం' అని ఉంది. జన్యుమార్పిడి పంటల నూనెకు ఆ మాట ఎలా వాడతారన్నది ఫిర్యాదు. ఎవరి చేతిలోని సీసా మీదైనా అదే లేబుల్. నూనె అయిపోగానే సీసా పారేస్తాం, బిల్లయితే సంచీ ఖాళీ చేసేటప్పుడే పోతుంది. దాన్ని ఏళ్ల తరబడి ఎవరు దాస్తారు? కొన్నవాళ్లను తేల్చే పద్ధతి ముందే చూపించాలని కంపెనీ పట్టుబట్టినా, 2017లో మరో అప్పీల్ కోర్టు నైన్త్ సర్క్యూట్ ఒప్పుకోలేదు. రసీదు అడిగితే చౌక సరుకు అమ్మేవాడు ఎప్పటికీ దొరకడు. అంత చిన్న మొత్తం కోసం ఒంటరిగా కోర్టుకెళ్లేదెవరు? నాకు కడుపు మండేది ఇక్కడే.

చర్చ మొదలుపెట్టినవారు:
మరి క్రెడిట్ రిపోర్టులు ఇచ్చే ట్రాన్స్‌యూనియన్ కంపెనీ మీద 2021లో వచ్చిన తీర్పు సంగతి? క్లాస్‌లో 8,185 మంది ఉంటే, ఉగ్రవాదుల జాబితాతో పేరు కలుస్తోందన్న తప్పుడు రిపోర్టు బయటివాళ్లకు వెళ్లిన 1,853 మందికే ఆ విషయంలో పరిహారం అడిగే అర్హత ఉందని సుప్రీంకోర్టు తేల్చింది. నష్టపోనివాళ్లను కలుపుకోవడం తప్పే కదా?

జవాబు:
పరిహారం ఇచ్చేటప్పుడు తప్పే, ఒప్పుకుంటాను. కానీ ఆ వడపోత జ్యూరీ విచారణ అయ్యాక జరిగింది. సర్టిఫికేషన్‌కు ముందే ప్రతి సభ్యుడూ నష్టం చూపాలా అన్న ప్రశ్న జోలికి ఆ తీర్పు వెళ్లనేలేదు. అఫిడవిట్ చాలదంటారా? 2015లో సెవెంత్ సర్క్యూట్ గుర్తుచేసినట్టు, అమెరికా రాజ్యాంగం ఇద్దరు సాక్షులు కావాలన్నది దేశద్రోహం కేసులో. మీరు ఒక్కరే కేసు వేసి, ఫలానా నూనె కొన్నానని ప్రమాణం చేసి చెబితే జడ్జి వింటారు. వెనక ఇంకో లక్షమంది నిలబడితే అదే మాట ఎందుకు చెల్లదు?